అరగంట వాయిదా

అబిడ్స్, హైదరాబాద్
జూన్ 9

ప్రణవీ,

ఉత్తరం చూసి నవ్వుకుంటున్నావు కదా? నవ్వుకో. మా అక్క కూతురివి, మేనమామను చూసి నవ్వే హక్కు నీకు పుట్టుకతోనే వచ్చింది. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి, గీతలు గీసుకుంటూ "ఔ మామా, ఔ మామా" అంటావు. నాలుగు ఔలు వినేసరికి నాకు బీపీ పెరుగుతుంది. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలి బొమ్మ పంపిస్తావు. మన ఆర్కిటెక్టుల సంఘం గ్రూపులో "రేపటి మీటింగుకి ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగాను. తెర నిండా బొటనవేళ్ళే. తెల్లారి నాంపల్లిలో సంఘం హాలు తలుపు తీస్తే ఖాళీ కుర్చీలు నన్ను చూశాయి, నేను వాటిని చూశాను. ఆ బొటనవేళ్ళకి కాళ్ళు లేవని అప్పుడు అర్థమైంది. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఇంటికి కూతవేటు దూరంలో పెద్ద పోస్టాఫీసు ఉంది. ఉత్తరానికి బొటనవేలు చూపించి తప్పించుకోలేవు కదా, అందుకే రాస్తున్నాను.

కాలేజీ అయిపోయిన కొత్తలో నీ చేత జీవిత సభ్యత్వం ఫారం నింపించింది నేనే. తర్వాత నువ్వు విశాఖ వెళ్ళి ఆఫీసు పెట్టావు, సంఘం మొహం చూడటం మానేశావు. నేను కార్యదర్శినై ఇన్నేళ్ళయింది, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నీ జూనియర్ మృదుల గుర్తుందా? సుల్తాన్ బజార్‌లో చీరల కొట్టు పైన చిన్న ఆఫీసు పెట్టుకుంది. అబిడ్స్ వెనక గల్లీలో ఆడపిల్లల హాస్టలుకి ఐదంతస్తుల ప్లాను గీసింది. ముందు ఒక మెట్లదారి, వెనక ఒక మెట్లదారి. మంట లేస్తే పిల్లలు దిగడానికి ఆ వెనక మెట్లే దిక్కు. బిల్డరు ఏం చేశాడో తెలుసా? వెనక మెట్లు ఎగరగొట్టి, ఆ జాగాలో కింద దుకాణాలు, పైన గదులు కట్టేశాడు. మృదుల అడిగితే "మేడం, మీరు సంతకం పెట్టుర్రి, మెట్ల ఫికర్ మీకెందుకు?" అన్నాడట. ఆ పిల్ల సంతకం పెట్టలేదు. ఈ కట్టడంతో నాకు సంబంధం లేదని మున్సిపాలిటీకి రాసిచ్చి తప్పుకుంది.

ఇప్పుడా బిల్డరు మన సంఘానికి ఫిర్యాదు చేశాడు. పని మధ్యలో వదిలేసి వృత్తి ధర్మం తప్పిందట! మెట్లు మింగినవాడు ధర్మం గురించి మాట్లాడుతున్నాడు. మన అధ్యక్షుడు శశికిరణ్ ఆ ఫిర్యాదును కళ్ళకద్దుకుని, మృదులను సభ్యత్వం నుంచి తీసేయాలని తీర్మానం పెడుతున్నాడు. ఇక్కడ తీసేస్తే ఆ కాగితం పట్టుకుని ఢిల్లీ కౌన్సిల్‌కి వెళతారు. ఆ పిల్ల లైసెన్సు పోతుంది. తను కట్టిన చందాతో నడిచే సంఘమే తన మెడ పట్టుకుని గెంటుతుంది.

జూలై ఆఖరి ఆదివారం మీటింగు. నువ్వు రావాలి, నీ బ్యాచ్ వాళ్ళని తేవాలి. నోటీసులో పది గంటలని ఉంటుంది గానీ పదిన్నరకి వస్తే చాలు. మన పద్ధతి నీకు తెలియదు. పదింటికి కోరం, అంటే సభకి కావాల్సినంతమంది, ఎప్పుడూ ఉండదు. కోరం లేకపోతే అరగంట వాయిదా వేయాలని రూలు. వాయిదా పడ్డ సభకి కోరంతో పనిలేదు, ఎందరుంటే అందరితో నడిపించవచ్చు. కాబట్టి అందరం ఆ అరగంటా కింద ఇరానీ హోటల్లో చాయ్ తాగి పైకి వెళతాం. ఒకప్పుడు హాల్లో నిలబడి "సభ వాయిదా" అని ప్రకటించేవాణ్ణి. ఈ మధ్య ఆ మాట కూడా హోటల్లోనే అనేస్తున్నాను. ఎవరున్నారని వినడానికి?

ఒక్క మంచి మాట. ఈ ఏడు సభ్యత్వం బాగా పెరిగింది. శశికిరణ్ ఎక్కడెక్కడి కుర్రాళ్ళనో చేర్పించాడు. వాడిలో వంద తప్పులున్నా ఆ ఒక్క పనీ మెచ్చుకోవాలి.

జవాబు కాగితం మీదే రాయి.

మామ,
వామన్‌రావు


విశాఖపట్నం
జూన్ 21

మామా,

నీ కోసం స్టేషనరీ షాపు వెతుక్కుంటూ వెళ్ళి కవర్లు కొన్నాను. షాపతను నన్ను వింతగా చూశాడు.

మీటింగుకి ఎందుకు రారని అడుగుతున్నావు. చెప్తాను, విను. నేను ఆ హాలుకి వచ్చిన మొదటిసారి నాకిచ్చిన పని ముఖ్య అతిథికి పూలగుత్తి ఇవ్వడం. రెండోసారి జ్యోతి వెలిగిస్తుంటే అగ్గిపెట్టె పట్టుకోవడం. నేనూ ఆర్కిటెక్టునే మామా, నాలాల గట్ల మీద ఇళ్ళు కట్టడం గురించి మాట్లాడదామని రాసుకుని వచ్చాను. శాలువాలకీ సన్మానాలకీ పొద్దంతా ఉంది. నా వంతు వచ్చేసరికి మీ పెద్దలకి "సమయాభావం" వచ్చింది. ఎవరో ఒక పెద్దాయన నా తల నిమిరి, "పాప బాగా చదువుకున్నట్టుంది" అన్నాడు. అప్పటికి నా సొంత ఆఫీసుకి రెండేళ్ళు!

మేం రాలేదని తిడతావు. వస్తే కూర్చోబెట్టే తీరు ఇదీ. అమ్మాయిలు కావాల్సింది ఫొటోకి, కుర్రాళ్ళు కావాల్సింది కుర్చీలు సర్దడానికి. తీర్మానాలు మాత్రం మీరు చాయ్ కప్పుల దగ్గరే చేసేసుకుంటారు.

మృదులకి జరిగేది అన్యాయం. మంచి పిల్ల. కాలేజీలో నా డ్రాయింగులో తప్పు పట్టి, నేను కోప్పడితే కూడా దిద్దేదాకా వదల్లేదు. నా బ్యాచ్ అందరికీ ఫోన్లు చేస్తాను. నేను మాత్రం రాలేను. ఇక్కడ పెద్ద పని ఒకటి నడుస్తోంది, కదలడానికి లేదు. ఏం పని అని అడగకు, చెప్పినా నీకు నచ్చదు. అద్దాల మేడ.

ప్రణవి


అబిడ్స్
జూలై 8

ప్రణవీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అగ్గిపెట్టె సంగతి నాకు తెలియదు. తల నిమిరిన పెద్దమనిషి పేరు రాస్తే వాడి తల నేను నిమురుతాను. అయితే ఒకటి చెప్పు. ఇల్లు మురికిగా ఉందని ఇంట్లోకి రావడం మానేస్తే ఊడ్చేదెవరు? అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరు? పూలగుత్తి ఇమ్మంటే అక్కడే వాళ్ళ మొహాన కొట్టి మైకు లాక్కోవాల్సింది. నేనైతే చప్పట్లు కొట్టేవాణ్ణి.

వారం రోజులుగా సభ్యుల ఆఫీసులు తిరుగుతున్నాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర వరప్రసాద్‌గారి ఆఫీసుకి వెళ్ళాను. గుంటూరు నుంచి వాళ్ళ నాన్నగారి కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, మర్యాదకి పెట్టింది పేరు. ఐస్‌క్రీం తెప్పించి, "అయ్యయ్యో, మీరున్నారు కదండీ వామన్‌రావుగారూ! మీరు చూసుకుంటే మేమంతా చూసుకున్నట్టేనండీ" అన్నారు. ఆ ఐస్‌క్రీం అక్కడే వదిలేసి లేచాను. గౌలిగూడలో ఇంకొకడు మరీ నిజాయితీపరుడు. "అన్నా, బిల్డర్లతోని లొల్లి మనకెందుకే? రేపు గాయనే నాకు పని ఇస్తడు. పొట్ట మీద కొట్టుకోమంటవా?" అన్నాడు. పదిమందిలో పాము చావదంటారు. మన సంఘంలో పాము చావకపోవడమే కాదు, దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

మృదుల మాత్రం ఒక్కరినీ బతిమాలలేదు. నేనే అడిగాను, "నువ్వు గూడ నాలుగిండ్లు తిరగరాదు బిడ్డా?" అని. "ఏమని అడగాలె సార్? తప్పు చెయ్యలేదు, జర ఒప్పుకోండ్రి అని అడగాల్నా?" అంది. మిగతా ఆఫీసులు కూడా నేనే తిరిగాను.

ఇక అసలు సంగతి. నిన్న సంఘం మెట్ల మీద శశికిరణ్ ఎదురుపడ్డాడు. చెయ్యి పట్టుకుని నవ్వుతూ, "మీ కోడలుపిల్ల వైజాగ్‌ల మన బిల్డరు సాబ్ ప్రాజెక్టే చేస్తుంది గద సార్? మంచిగ చేస్తుందట. జర ఆమె గురించి గూడ ఆలోచించుండ్రి" అన్నాడు. ఆ నవ్వు ఇంకా నా వీపు మీద పాకుతోంది.

వాడన్నది నిజమా ప్రణవీ? నీ అద్దాల మేడ ఆ హాస్టలు వాడిదేనా?

వామన్‌రావు


విశాఖపట్నం
జూలై 15

మామా,

నిజమే. వాడిదే.

ఇప్పుడేమంటావు? వదిలేయమంటావా? ఆ ఒక్క పని మీదే నా ఆఫీసు నడుస్తోంది. దాన్ని నమ్ముకుని నా దగ్గర చేరిన పిల్లలున్నారు. వాళ్ళలో ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది, ఒకబ్బాయి వాళ్ళమ్మని దవాఖానాలో చేర్పించాడు. నేను నాంపల్లి వచ్చి చెయ్యెత్తితే మర్నాడు వాడు నా గీతలన్నీ చెత్తబుట్టలో వేస్తాడు. మృదులని కాపాడటానికి నా చెయ్యే కావాలా? ఊళ్ళో అన్ని చేతులున్నాయి కదా!

ఇక్కడ వాడు నా ప్లానులో మెట్లు ముట్టుకోలేదు. ముట్టుకుంటే అప్పుడు చూసుకుందాం. ఇంతకంటే నన్ను అడగకు.

మా బ్యాచ్ వాళ్ళు వస్తున్నారు. చాలామందే వస్తున్నారు. అందరికీ పదిన్నర అని చెప్పాను.

ప్రణవి


అబిడ్స్
జూలై 28

ప్రణవీ,

నిన్న మీటింగు జరిగింది.

పొద్దున్నే హోటల్లో కూర్చున్నాను. మీ వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అంతమంది కొత్త మొహాలను చూసి నాకు పట్టరాని సంతోషం. వరప్రసాద్‌గారు కూడా వచ్చారు! బల్లలు కలిపించాను, చాయ్‌లు చెప్పాను, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాను. పదయింది. అలవాటుగా అక్కడే లేచి నిలబడి "సభ అరగంట వాయిదా!" అన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. వరప్రసాద్‌గారు "ఇంకా టైముంది కదండీ, ఇంకో రౌండు చెప్పండి" అన్నారు. చెప్పాను.

రెండో చాయ్ వచ్చేలోపు మృదుల మెట్లు దిగి వచ్చింది. మా బల్ల దగ్గర నిలబడి అందర్నీ చూసింది.

"సార్, అయిపోయింది."

"ఏం అయిపోయింది బిడ్డా?"

"మీటింగు. నన్ను తీసేసిన్రు."

పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో ఎలా ఎక్కానో నాకే తెలియదు. హాలు నిండా కుర్రాళ్ళు. శశికిరణ్ ఈ ఏడు చేర్పించాడని నేను మెచ్చుకున్నానే, వాళ్ళే. అందరూ బిల్డర్ల ఆఫీసుల్లో జీతగాళ్ళు. తొమ్మిదిన్నరకే వెనక లిఫ్టులో తెచ్చి కూర్చోబెట్టాడట. సరిగ్గా పదింటికి కోరం ఉందని ప్రకటించి, ఫిర్యాదు చదివి, చేతులెత్తించి, సభ ముగించేశాడు. ఇన్నేళ్ళలో మన సంఘం సమయానికి మొదలైన మీటింగు ఇదొక్కటే!

"ఏందిరా గిది?" అని అరిచాను. "నోటీసుల పది అని రాసింది మీరే గద సార్. కార్యదర్శి సంతకం గూడ మీదే" అన్నాడు శశికిరణ్. కాలర్ పట్టుకోబోయాను. మీ వాళ్ళు నన్ను వెనక్కి లాగారు.

పదింటికి వచ్చింది మన వైపు నుంచి ఒక్కతే, మృదుల. నోటీసులో పది అని ఉంది కాబట్టి పదికి వచ్చింది. వాళ్ళందరి మధ్య ఒక్కతే కూర్చుని, తన మీద లేచిన చేతులన్నీ చూసి, దిగి వచ్చింది. మేమప్పుడు చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుంటున్నాం.

మీ వాళ్ళు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నీ మీద కూడా కోపంగా ఉంది, నా మీదా ఉంది, ఆ హోటల్ మీద కూడా ఉంది. కార్యదర్శి పదవికి రాజీనామా రాసి పెట్టుకున్నాను.

వామన్‌రావు


విశాఖపట్నం
ఆగస్టు 4

మామా,

నీ మీద నాకింత కోపం ఎప్పుడూ రాలేదు.

రాజీనామా చేస్తావా? సంఘాన్ని వాడి చేతిలో పెట్టి, బాధ్యత దులుపుకుని, ఇంట్లో కూర్చుని బీపీ మాత్రలు వేసుకుంటావా? చించెయ్ ఆ కాగితం. శశికిరణ్ దొంగతనం చేయలేదు మామా. నువ్వు తలుపు తీసి పెట్టావు, వాడు లోపలికి నడిచాడు. ఎవరూ రారని ముందే అనేసుకుని, రాకపోయినా నడిచే పద్ధతి పెట్టుకున్నావు. నువ్వు పదిన్నర అన్నావు, నేను ఆలోచించకుండా అదే అందరికీ చెప్పాను. అందుకే అక్కడ ఆ పిల్ల ఒక్కతే కూర్చుంది. వాళ్ళు వచ్చి గెలిచారు. వచ్చినవాళ్ళే గెలుస్తారు. ఇందులో మోసం ఎక్కడుంది? మనమే మనకి చేసుకున్నాం.

సంఘం నియమావళి తెప్పించుకుని చదివాను. తగినన్ని సంతకాలుంటే సభ్యులే ప్రత్యేక సమావేశం కోరవచ్చు. కార్యదర్శి పిలిచి తీరాలి. అయితే దానికి అరగంట వాయిదా లేదు. చెప్పిన సమయానికి కోరం లేకపోతే సభ రద్దు, అదే విషయం ఏడాది దాకా ఎత్తకూడదు. ఈలోగా మృదుల కాగితాలు ఢిల్లీ చేరతాయి. అంటే మనకి ఒక్కటే అవకాశం.

కోరిక పత్రం రాసి పంపుతున్నాను. మొదటి సంతకం నాది. నా ప్రాజెక్టు ఏమవుతుందో నాకు తెలియదు. మీటింగుకి వస్తున్నాను. పది అంటే తొమ్మిదిన్నర. ఇంకెవరికైనా పదిన్నర అని చెప్పావో, మేనకోడలు లేదనుకో.

ప్రణవి


అబిడ్స్
సెప్టెంబర్ 16

బిడ్డా,

మొన్న ఏం సభ అది! తొమ్మిదిన్నరకే కుర్చీలు చాల్లేదు. శశికిరణ్ తన కుర్రాళ్ళని కోరం చెడగొట్టడానికి లోపలికి రానివ్వకుండా కింద హోటల్లో కూర్చోబెట్టాడు చూశావా? వాళ్ళు లేకుండానే హాలు నిండింది. పదింటికి రిజిస్టరు మూసి తలుపు వేశాను. ఈసారి చాయ్ తాగుతూ ఉండిపోయింది వాళ్ళు! నీ చెయ్యి లేవడం శశికిరణ్ చూశాడు, నేనూ చూశాను. నీ వెనకే హాలంతా చేతులు లేచాయి. మృదుల మళ్ళీ మన సభ్యురాలు. ఢిల్లీకి పోయే కాగితం ఆగిపోయింది. నువ్వు మైకు ముందు నిలబడి మాట్లాడుతుంటే మీ అమ్మ ఉంటే బాగుండు అనిపించింది.

రైలుందని నువ్వు వెళ్ళిపోయావు. తర్వాత జరిగింది నీకు తెలియాలి.

అందరూ చప్పట్లు కొట్టి లేవబోతుంటే మృదుల లేచింది. "నన్ను మళ్ళ తీసుకున్నరు, సంతోషం. కానీ గా హాస్టల్ల పిల్లలు దిగి నెల అయితుంది. మొదటి అంతస్తుల వంటలు చేస్తున్నరు, పైన పిల్లలు పండుకుంటున్నరు, ఎనక మెట్లు లేవు. నేను ఒక్కదాన్నే రాస్తే పక్కకు పెడుతున్నరు. సంఘం తరఫున మున్సిపాలిటీకి లెటర్ రాద్దాం. అందరం దస్కత్ పెడదాం" అంది.

ప్రణవీ, ఒక్క క్షణం కింద సింహాల్లా గర్జించిన మనుషులు! ఒకరికి బండి నో పార్కింగ్‌లో ఉందని గుర్తొచ్చింది. ఒకరికి సైటు మీద స్లాబు. వరప్రసాద్‌గారికి ఏదో పెళ్ళి. "మనిషిని కాపాడుకున్నాం కదండీ, బిల్డింగు సంగతి గవర్నమెంటు చూసుకుంటుందండీ" అన్నారు. మీ బ్యాచ్ కుర్రాడొకడు "అంకుల్, మృదుల కోసమే వచ్చినం. గిది వేరే సబ్జెక్టు గద" అన్నాడు. వేరే సబ్జెక్టట! ఆ మెట్ల కోసం కాకపోతే ఆ పిల్ల దేనికి ఇంత అవస్థ పడింది? దిగి చూస్తే భోజనాల దగ్గర మాత్రం అందరూ ఉన్నారు. బగారా అన్నం బాగుందని నన్ను మెచ్చుకున్నారు.

లెటర్ మీద సంతకం పెట్టినవాళ్ళం ఒక బల్ల చుట్టూ సరిపోయాం. సంఘం పేరున పంపాలంటే అది చాలదు. నువ్వుంటే పెట్టేదానివి. నాకు తెలుసు, పెట్టేదానివి. నువ్వు పెడితే ఇంకో నలుగురు పెట్టేవాళ్ళు. ఆ రైలు ఒక్క గంట ఆలస్యమైనా బాగుండేది.

మామ


విశాఖపట్నం
సెప్టెంబర్ 24

మామా,

నా రైలు సాయంత్రానికి.

సభ మొదలయ్యే ముందు మృదుల నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, మెట్ల సంగతి గూడ ఎత్తుత. నువ్వు జర మాట్లాడుతవా?" అంది. "ఔ" అన్నాను. చేతులు లేచాక, ఆమె లేవకముందే నేను బయటపడ్డాను. నాంపల్లి స్టేషన్లో బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. చెయ్యెత్తితే బిల్డరు సర్దుకుంటాడని ఎక్కడో ఆశ ఉండింది. సంతకం పెడితే సర్దుకోడు. అది నాకు తెలుసు.

నిన్న బిల్డరే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. "దోస్తు కోసం చెయ్యెత్తిన్రు, నేనేం అనుకోలె మేడం. మెట్ల జోలికి మీరు పోరని నాకు ఎరికే" అన్నాడు. మామా, ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. నేనెంతవరకు వస్తానో, ఎక్కడ ఆగుతానో నాకంటే ముందు వాడికి తెలుసు! మా అందరినీ అలాగే లెక్క వేసుకుని కదా ఆ మెట్లు ఎగరగొట్టాడు. మీటింగుకి రారు, వస్తే మాట్లాడరు, మాట్లాడితే సంతకం పెట్టరు. వాడి ధైర్యం మనమే.

ఫోన్లోనే చెప్పాను, ఇక మీ పని చేయనని. వాడు నవ్వి పెట్టేశాడు. సాయంత్రం ఆఫీసులో పిల్లలకి చెప్పాను. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. పెళ్ళి కుదిరిన అమ్మాయి ఏడ్చింది. వాళ్ళకి వేరే పని వెతకడం నా బాధ్యత, వెతుకుతున్నాను. ఇది గొప్ప త్యాగమని నాకు ఉత్తరం రాయకు. రాస్తే చించేస్తాను.

మున్సిపాలిటీకి లెటరు నేనూ ఒకటి రాసి సంతకం పెట్టాను, ఇందులో ఉంది. మా బ్యాచ్‌లో ఒక్కొక్కడికీ ఫోన్ చేసి, వేరే సబ్జెక్టు అన్నవాడితో సహా, స్టేషన్లో నేనెందుకు కూర్చున్నానో చెప్పాను. కొందరు ఫోన్ పెట్టేశారు. కొందరు ఈ వారంలో సంఘం ఆఫీసుకి వస్తారు. రాకపోతే వాళ్ళిళ్ళకి నువ్వు వెళ్ళు. మోకాళ్ళ నొప్పి అనకు.

ప్రణవి


అబిడ్స్
నవంబర్ 3

ప్రణవీ,

వచ్చారు. సంఘం పేరున పంపడానికి సరిపడా సంతకాలు కుదిరాయి. వరప్రసాద్‌గారు ఆఖరున వచ్చి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా పెట్టి వెళ్ళారు.

మున్సిపాలిటీవాళ్ళు కదిలారు. వెనక మెట్లు కట్టేదాకా హాస్టలు నడపకూడదని పైఅంతస్తులకి తాళాలు వేశారు. వెనక దుకాణాలు కొడుతున్నారు. మృదుల రోజూ పొద్దున వెళ్ళి నిలబడి చూసి వస్తోంది. నాకు పండగ చేసుకోవాలనిపించింది. నీకు సంతోషంగా ఉత్తరం రాద్దామని కాగితం కూడా తీశాను.

అంతలో నిన్న పొద్దున హాస్టలు పిల్లల తల్లిదండ్రులు సంఘం ఆఫీసుకి వచ్చారు. దండలేస్తారనుకునేంత వెర్రివాణ్ణి కాదు గానీ, ఒక మంచి మాట అంటారనుకున్నాను. పిల్లలకి పరీక్షలు ముందున్నాయట, ఉన్నట్టుండి రోడ్డు మీద పడ్డారట, వేరే చోట కిరాయికి గది దొరకడం లేదట. కేకలేశారు. నేనూ కేకలేశాను. మీ పిల్లల ప్రాణాల కోసమే కదమ్మా ఇదంతా చేసిందని, సంఘం ఎంత కష్టపడిందో, ఎన్ని మీటింగులు పెట్టామో, జూన్ నుంచి మొత్తం చెప్పుకొచ్చాను. గొప్పగానే చెప్పాను.

వాళ్ళలో పోశవ్వ అని ఒకామె ఉంది. నల్లగొండ నుంచి వచ్చింది. కూతురు పైఅంతస్తులో ఉండి ఉద్యోగం పరీక్షలకి చదువుకుంటోందట. అందరూ అరుస్తున్నంతసేపూ ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. నా మాటలు అయిపోయాక ముందుకు వచ్చి అడిగింది.

"ఎనక మెట్లు లేవని మీకు జూన్లనే ఎరికనా సారూ?"

ఎరికేనన్నాను.

"నా బిడ్డను నేను గాడ ఆగస్టుల దింపిన. మీకు ఎరికుండి, మా ఒక్కరికన్న చెప్పకపోతిరి. మీలో మీరే మీటింగులు పెట్టుకున్నరా?"

ఆమె గొంతు పెంచలేదు. జవాబు కోసం నిలబడింది. మృదుల అక్కడే ఉంది, తల దించుకుంది. నేను పోశవ్వకి కుర్చీ చూపించాను, కూర్చోలేదు. కూతురి పెట్టె ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇన్ని నెలలుగా నేను ఎవరెవరి మీదో మండిపడ్డాను, నువ్వు నా మీద మండిపడ్డావు. ఆ హాస్టలు మన వీధి వెనకే ఉంది ప్రణవీ. ప్రతిసారీ దాని ముందు నుంచే పోస్టాఫీసుకి వెళ్ళి నీకు ఉత్తరాలు వేశాను. ఒక్కరోజు కూడా లోపలికి వెళ్ళి తలుపు తట్టలేదు.

పోశవ్వకి ఏం చెప్పాలో నీకు తోస్తే రాయి.

మామ